ధాన్యకటకం నుంచి తెల్లబియ్యం దాకా: గుంటూరు మైదానంలో పిండిపదార్థాల చరిత్ర

సంక్షిప్తి:
మనిషికి కావలసిన శక్తిలో అధికభాగం పిండిపదార్థాల నుంచి లభిస్తుంది. తెలుగువారి విషయంలో ఆ భాగం తరతరాలుగా ధాన్యం రూపంలోనే వస్తోంది. అమరావతి పరిసరాలతో కూడిన గుంటూరు, ప్రకాశం మైదానంలో ఆ ధాన్యం ఏది కావాలన్నది నేల, నీరు, ప్రభుత్వ విధానం కలిసి నిర్ణయించాయి. జొన్న నుంచి వరికి, దంపుడు బియ్యం నుంచి మరబియ్యానికి జరిగిన మార్పును ఈ వ్యాసం చారిత్రక క్రమంలో పరిశీలిస్తుంది. ప్రతి మార్పూ ఒక ఆకలిని తీర్చి మరొక లోపాన్ని మిగిల్చిందని, పిండిపదార్థం పరిమాణంతోపాటు దాని వెంట వచ్చే పోషకాలు ఆరోగ్యాన్ని నిర్ణయించాయని నిరూపించడం దీని లక్ష్యం.

కీలక పదాలు: పిండిపదార్థాలు, జొన్న, వరి, బెరిబెరి, పల్నాడు, కృష్ణా డెల్టా, పోషకాహార చరిత్ర.

1. ఉపోద్ఘాతం

అమరావతిని ఆనుకుని ఉన్న ధరణికోట ప్రాచీన నామం ధాన్యకటకం. ఆ పేరులోనే ధాన్యం ఉంది. బౌద్ధ సంప్రదాయం ఈ పేరును హిమాలయాల ఆవలికి తీసుకువెళ్ళింది. లాసా సమీపంలో 1416లో స్థాపితమైన డ్రెపుంగ్ ఆరామం పేరుకు టిబెటన్ భాషలో ‘బియ్యపు రాశి’ అని అర్థం. కాలచక్ర బోధ జరిగిన స్థలంగా టిబెటన్లు భావించే ధాన్యకటకాన్ని స్మరిస్తూ ఆ పేరు పెట్టారు. దలైలామా 2006 జనవరిలో అమరావతిలో కాలచక్ర దీక్షను నిర్వహించడానికి నేపథ్యం ఈ సంప్రదాయమే.

టిబెట్ జ్ఞాపకంలో ఈ చోటు బియ్యపు రాశి. అయితే ఈ చోటికి పడమరగా విస్తరించిన పల్నాడు నల్లరేగడిలో సామాన్యుని కంచంలోకి వచ్చింది ప్రధానంగా జొన్న. సజ్జ, కొర్ర, వరిగ వంటి మెట్ట ధాన్యాలు దానికి తోడు. వరి అన్నం పండుగనాటి భోజనం, లేదా కలిగినవారి భోజనం. నేడు అదే పల్నాటిలో జొన్నన్నం అరుదై, పాలిష్ పట్టిన సన్నబియ్యం నిత్యాహారమైంది. ఈ తిరుగుడు ఎలా జరిగింది? దానివల్ల శరీరానికి ఏమి చేకూరింది, ఏమి చేజారింది? ఈ ప్రశ్నలకు సమాధానం వెదకాలంటే సాహిత్యాన్ని, నీటిపారుదల చరిత్రను, పోషకాహార శాస్త్రాన్ని కలిపి చదవాలి.

2. పిండిపదార్థం: మాట, భావం

కర్బనం, ఉదజని, ఆమ్లజని మూలకాలతో ఏర్పడిన ఒక విస్తృత పదార్థ వర్గానికి 1844లో కార్ల్ ష్మిట్ పెట్టిన పేరు నుంచి ‘కార్బోహైడ్రేట్’ అనే మాట వ్యాప్తిలోకి వచ్చింది. ఈ వర్గంలోని అనేక పదార్థాలలో ఉదజని, ఆమ్లజని నీటిలో ఉన్న నిష్పత్తిలోనే ఉండటం ఆ పేరుకు కారణం. తెలుగు పాఠ్యపుస్తకాలు దీనికి ‘పిండిపదార్థం’ అనే మాటను స్థిరపరచాయి. ఈ మాటకు ఒక సౌలభ్యం, ఒక పరిమితి ఉన్నాయి. పిండి అనగానే ధాన్యం స్ఫురిస్తుంది కనుక సామాన్య పాఠకునికి భావం వెంటనే అందుతుంది. కానీ శాస్త్రార్థంలో ఈ వర్గంలో బెల్లంలోని చక్కెర, పాలలోని లాక్టోజు, తవుడులోని పీచు కూడా చేరతాయి. పిండి అందులో ఒక భాగం మాత్రమే.

పోషణ దృష్ట్యా వీటిని మూడు తరగతులుగా గుర్తించవచ్చు. గ్లూకోజు, సుక్రోజు వంటి చక్కెరలు మొదటివి. వందల, వేల గ్లూకోజు అణువులు గొలుసుగా ఏర్పడిన పిండి రెండవది. మానవ జీర్ణరసాలు విడగొట్టలేని పీచు మూడవది. పిండిలో మళ్ళీ రెండు రూపాలున్నాయి. అమైలోజు దాదాపు కొమ్మలు లేని గొలుసు, అమైలోపెక్టిన్ శాఖోపశాఖలుగా విస్తరించిన గొలుసు. అమైలోజు పాలు ఎక్కువగా ఉన్న బియ్యం వండితే మెతుకు మెతుకుగా విడివడుతుంది, సాధారణంగా నిదానంగా జీర్ణమవుతుంది. అమైలోపెక్టిన్ పాలు ఎక్కువైతే అన్నం ముద్ద కడుతుంది.

ఒక గ్రాము పిండి లేదా చక్కెర సుమారు 4 కిలోకేలరీల శక్తినిస్తుంది. పిండి జీర్ణమై గ్లూకోజుగా రక్తంలో చేరుతుంది. మెదడుకు సాధారణ పరిస్థితులలో అదే ప్రధాన ఇంధనం. మిగులు కాలేయంలోనూ కండరాలలోనూ గ్లైకోజెన్‌గా నిలువ ఉంటుంది, ఇంకా మిగిలితే కొవ్వుగా మారుతుంది. ఇలా విడుదలైన శక్తిని కణం వాడుకోవడానికి అనువైన రూపం అడినోసిన్ ట్రైఫాస్ఫేట్. కండరంలో ఈ పదార్థాన్ని 1929లో గుర్తించిన ఫిస్కె, సుబ్బారావులలో రెండవవారు భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు. అదే కాలంలో జర్మనీలో లోమన్ కూడా దానిని కనుగొన్నాడు.

ఈ వ్యాసానికి అత్యంత కీలకమైన అంశం మరొకటి. గ్లూకోజు దానంతట అది శక్తిగా మారదు. ఆ మార్పులోని ఒక ముఖ్యమైన మెట్టుకు థయమిన్, అంటే బి1 విటమిన్, తప్పనిసరి. పిండి ఎంత ఎక్కువ తింటే థయమిన్ అవసరమూ అంత పెరుగుతుంది. ప్రకృతి ఈ రెండింటినీ ఒకే గింజలో ఉంచింది. గింజ మధ్యభాగంలో పిండి, పై పొరలోనూ మొలకలోనూ థయమిన్ ఉంటాయి. ఆ పై పొరను తొలగించే యంత్రం వచ్చిననాడు ఈ జంట విడిపోయింది.

3. జొన్న నేల, వరి పలుకు

పల్నాటి ఆహారాన్ని గురించి తెలుగు పాఠకులకు మొదట గుర్తుకు వచ్చేది శ్రీనాథునికి ఆపాదించే చాటువులు. కొండవీటి పెదకోమటి వేమారెడ్డి ఆస్థానంలో విద్యాధికారిగా ఉన్న కవి, ఈ సీమలో ఎక్కడ చూసినా జొన్న వంటకాలే తప్ప వరి అన్నం దొరకదని ఎత్తిపొడిచినట్లు అవి చెబుతాయి. ఈ చాటువుల కర్తృత్వం పూర్తిగా నిర్ధారితం కాకపోయినా, అవి తరతరాలుగా ప్రచారంలో ఉండటమే ఒక సాంఘిక సాక్ష్యం. కొండవీడుకు పల్నాడు దూరదేశం కాదు. ఒకే రాజ్యంలో, కొద్ది ఆమడల ఎడంలో, కోటలోని కంచం వేరు, మెట్ట పల్లెలోని కంచం వేరు. ఆ వ్యత్యాసమే పరిహాసానికి వస్తువైంది.

వినుకొండ వల్లభరాయుని పేర ఉన్న ‘క్రీడాభిరామం’ మరొక వైపు చూపుతుంది. దీని కర్తృత్వంపైనా పండితులలో చర్చ ఉంది. పల్నాటి అంచున ఉన్న వినుకొండతో సంబంధం గల ఈ కావ్యంలో వర్ణితమైన ఓరుగంటి పూటకూళ్ళ ఇంట, ఒక రూకకు లభించే భోజనంలో మేలురకపు వరి అన్నానిది అగ్రస్థానం. నగరంలో వెల చెల్లించి తినే భోజనమంటే వరి అన్నమే. సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ ఇటువంటి కావ్యాధారాల నుంచే తెలుగువారి ఆహారపుటలవాట్లను పునర్నిర్మించింది.

ఈ ఆధారాలను వినియోగించేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. ఇవి వరి తినేవారి కలం నుంచి వచ్చిన సాక్ష్యాలు. జొన్న తిన్న రైతు, కూలి, పాలేరు తమ తిండిని గురించి ఏమనుకున్నారో కావ్యాలు నమోదు చేయలేదు. అందువల్ల జొన్న ‘లేమి’కి గుర్తుగా సాహిత్యంలో నిలిచింది. వ్యవసాయ దృష్టితో చూస్తే దాని స్థానం వేరు. నల్లరేగడి వానాకాలపు తేమను చాలాకాలం పట్టి ఉంచుతుంది. ఆ తేమతోనే చలికాలంలో జొన్న పండుతుంది. గింజ మనిషికి, చొప్ప పశువుకు. ఎడ్లు లేనిదే సేద్యం లేని రోజులలో ఈ రెండు ప్రయోజనాలూ విడదీయరానివి. కంచంలోని పిండిని నిర్ణయించింది రుచి కంటే ముందుగా ఆ నేల.

4. కరువు లెక్క, కూలి లెక్క

వానపై ఆధారపడిన ఆ వ్యవస్థ బలహీనత 1832–33లో బయటపడింది. నందన నామ సంవత్సరంలో సంభవించిన ఈ క్షామం ప్రజల జ్ఞాపకంలో ‘డొక్కల కరువు’గా నిలిచింది. సుమారు ఐదు లక్షల జనాభా ఉన్న గుంటూరు ప్రాంతంలో లక్షన్నర నుంచి రెండు లక్షల మంది మరణించారని అంచనా. ఈ విపత్తు తరువాతి కాలపు నీటిపారుదల వాదనలకు ప్రధాన ఆధారమైంది. ఆర్థర్ కాటన్ ప్రోత్సాహంతో, చార్లెస్ ఓర్ పర్యవేక్షణలో బెజవాడ వద్ద కృష్ణా ఆనకట్ట నిర్మాణం 1852లో మొదలై 1855లో పూర్తయింది. తెనాలి, రేపల్లె, బాపట్ల ప్రాంతాలతో కూడిన పడమటి డెల్టా వరి నేలగా స్థిరపడింది. కాలువ చేరని పల్నాడు, వినుకొండ మెట్టలు జొన్న నేలలుగానే మిగిలాయి. శ్రీనాథుని నాటి హద్దు ఇప్పుడు కాలువ గట్టు రూపంలో గీయబడింది.

ఆకలి తీరడమంటే కేవలం గింజల తూకమేనా అన్న ప్రశ్న మద్రాసు రాష్ట్రంలో 1877లో బహిరంగ వివాదంగా మారింది. 1876–78 మహాక్షామంలో ఖర్చు తగ్గించడానికి భారత ప్రభుత్వం పంపిన సర్ రిచర్డ్ టెంపుల్, సహాయ పనులలోని పురుషునికి రోజుకు ఒక పౌను, అంటే సుమారు 450 గ్రాముల, ధాన్యపు వెలనూ దానిపై కొద్ది నగదునూ కూలిగా నిర్ణయించాడు. మద్రాసు రాష్ట్ర పారిశుద్ధ్య కమిషనరు విలియం కార్నిష్ దీనిని తీవ్రంగా వ్యతిరేకించాడు. కష్టం చేసే శరీరానికి ఆ పరిమాణం చాలదని, గింజతోపాటు పప్పు, కూరలు కూడా ఉండాలని ఆయన వాదించాడు. కూలీల దేహస్థితి క్షీణించడాన్ని సాక్ష్యంగా చూపాడు. కొన్ని నెలలకు మద్రాసు ప్రభుత్వం కూలిని పెంచింది. విటమిన్ అనే భావమే పుట్టని రోజులలో, పిండి ఒక్కటే ఆహారం కాదని ప్రభుత్వ పత్రాలలో నమోదైన వాదనగా దీనికి చారిత్రక ప్రాముఖ్యం ఉంది.

5. మరబియ్యం, బెరిబెరి

డెల్టాలో వరి సమృద్ధిగా పండింది. మరి ఆ సమృద్ధి వెంట వచ్చిన వ్యాధి ఏది? కాళ్ళకు తిమ్మిరి, నడకలో పట్టు తప్పడం, ఒంటికి నీరు పట్టడం, గుండె బలహీనపడటం లక్షణాలుగా గల బెరిబెరి, గుంటూరు కూడా భాగమైన ఉత్తర సర్కారులలో స్థానిక వ్యాధిగా పాతుకుపోయింది. జావాలో పాలిష్ బియ్యం తిన్న కోళ్ళకు ఇటువంటి వ్యాధే రావడాన్ని క్రిస్టియాన్ ఐక్‌మన్ 1890ల నాటికే గమనించాడు. అందుకు ఆయన 1929లో నోబెల్ బహుమతిని పంచుకున్నాడు. భారతదేశంలో ఈ పరిశోధనకు రాబర్ట్ మెక్‌కారిసన్ 1918లో కూనూరులో ప్రారంభించిన చిన్న బెరిబెరి విచారణ విభాగం కేంద్రమైంది. అదే క్రమంగా పెరిగి 1958లో హైదరాబాదుకు తరలి, 1969 నుంచి జాతీయ పోషకాహార సంస్థగా కొనసాగుతోంది. దేశంలోని అగ్రశ్రేణి ఆహార పరిశోధనా సంస్థ ఒక బియ్యపు వ్యాధి నుంచి పుట్టడం గమనార్హం.

1935లో కూనూరు సంచాలకుడైన వాలెస్ ఎక్రాయిడ్ వరి తినే ప్రాంతాలలో ఒక తేడాను పరిశీలించాడు. వరి తినే ప్రాంతాలన్నిటా బెరిబెరి లేదు. ఉప్పుడు బియ్యం వాడే చోట్ల అది అరుదు, పచ్చిబియ్యాన్ని మర పట్టించి తినే సర్కారు జిల్లాలలో అధికం. వడ్లను నానబెట్టి ఉడికించి ఆరబెట్టినప్పుడు పై పొరలోని థయమిన్ కొంత గింజ లోపలికి ఇంకుతుంది. తరువాత మర పట్టించినా పూర్తిగా పోదు. పచ్చివడ్లను మర పట్టిస్తే అది తవుడుతో వెళ్ళిపోతుంది.

మరలో మొదలైన నష్టాన్ని వంటింటి అలవాట్లు పెంచాయి. బియ్యాన్ని తెల్లనీళ్ళు వచ్చేదాకా పలుమార్లు కడగడం, ఎక్కువ ఎసరు పెట్టి గంజి వార్చడం వల్ల నీటిలో కరిగే థయమిన్ మరింత పోతుంది. తెలుగు ఇళ్ళలో ఆ కడుగునీళ్ళు కుడితిగా పశువులకు చేరేవి. గంజి పేదవారి గిన్నెలోకో, బట్టలకు పెట్టడానికో వెళ్ళేది. కలిగిన ఇంట మనిషి పిండిని ఉంచుకుని, ఆ పిండిని శక్తిగా మార్చే పోషకాన్ని గొడ్డుకు పోశాడని చెప్పవచ్చు. ఇందులో ఎవరి అజ్ఞానమూ లేదు. రోకటి పోటు నుంచి స్త్రీలను విముక్తం చేసిన మరను ఎవరూ కాదనలేరు. తెలుపు శుభ్రతకు, హోదాకు గుర్తుగా శతాబ్దాలుగా స్థిరపడి ఉంది. మర ఆ తెలుపును అందరికీ అందుబాటులోకి తెచ్చింది.

6. జొన్న పక్షాన ఒక హెచ్చరిక

ఈ చరిత్రను చదివినవారు జొన్నను సర్వరోగ నివారిణిగా భావించే ప్రమాదం ఉంది. అది సరికాదు. దక్కను పీఠభూమిలో జొన్నే ప్రధానాహారంగా గల పేదలలో పెలాగ్రా వ్యాధి కనిపించింది. ఎండ తగిలే చోట్ల చర్మం నల్లబడి పొలుసులు కట్టడం, విరేచనాలు, మతి చలించడం దీని లక్షణాలు. నయాసిన్ లోపం దీనికి మూలం. హైదరాబాదులో సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతియా 1960లో ‘లాన్సెట్’ పత్రికలో దీనికి ఒక వివరణ ప్రతిపాదించారు. జొన్నలో అధికంగా ఉండే ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం శరీరంలో నయాసిన్ వినియోగానికి అడ్డు తగులుతుందని వారి అభిప్రాయం. ఆ ప్రతిపాదనపై తరువాత చర్చ సాగింది. అయినా పరిశీలన విలువ తగ్గలేదు. పప్పు, పాలు, ఆకుకూర తోడు లేకుండా ఒకే గింజపై బతకవలసి వచ్చినవారికి ఆ గింజ ఏదైనా ఏదో ఒక లోపం తప్పలేదు. వరి తిన్నవారికి బెరిబెరి, జొన్న తిన్నవారికి పెలాగ్రా. రెండింటికీ మూలం కంచంలో మరొకటి లేకపోవడమే.

7. సాగరు నీరు, చౌకబియ్యం, బాపట్ల వంగడం

పల్నాటి కంచం మారడానికి 20వ శతాబ్ది ఉత్తరార్ధంలో మూడు శక్తులు కలిసి పనిచేశాయి.

మొదటిది నీరు. 1955 డిసెంబరు 10న జవాహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగర్ నుంచి 1967 ఆగస్టు 4న ఇందిరా గాంధీ కాలువలకు నీరు వదిలారు. కుడి కాలువ గుంటూరు, ప్రకాశం మెట్టలలోకి ప్రవేశించింది. వరి ఎరగని చేలు వరి పొలాలయ్యాయి.

రెండవది మార్కెట్టు. నీరు అందిన చోట వరి, అందీ అందని చోట పత్తి, మిరప విస్తరించాయి. జొన్న చేను రైతు ఇంటికి తిండిని నేరుగా ఇచ్చేది. పత్తి, మిరప చేలు డబ్బునిస్తాయి, తిండిని కొనుక్కోవాలి. 1987–88లో తెల్లదోమ ఉధృతికి గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి రైతులు కుప్పకూలినప్పుడు ఈ మార్పు స్వభావం బయటపడింది. చేను పోయిన రైతుకు గాదెలో జొన్నలు కూడా లేవు. ట్రాక్టరు వచ్చి ఎడ్లు తగ్గడంతో చొప్ప అవసరమూ తగ్గి, జొన్నకున్న రెండవ ఆధారం కూడా సడలింది.

మూడవది ప్రభుత్వ విధానం. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం ప్రవేశపెట్టిన కిలో రెండు రూపాయల బియ్యం పథకం, కూలి కుటుంబానికి ప్రతిరోజూ వరి అన్నం తినగల స్థితిని కల్పించింది. పండుగనాటి అన్నం నిత్యాన్నమైంది. ఆకలి నివారణలో దాని పాత్రను తక్కువ చేయలేము. అదే సమయంలో చౌకధర దుకాణంలో దొరికే గింజ బియ్యం ఒక్కటే కావడంతో, మెట్ట ధాన్యాలు ధరలో దానితో పోటీపడలేకపోయాయి.

ఈ మార్పుకు రుచిని జోడించింది బాపట్ల. అక్కడి వరి పరిశోధనా కేంద్రం జీఈబీ 24, తైచుంగ్ నేటివ్ 1, మసూరి రకాల సంకరంతో రూపొందించిన బీపీటీ 5204, 1986లో సాంబ మసూరి పేరుతో విడుదలైంది. సన్నని గింజ, మృదువైన అన్నం కారణంగా ఇది దక్షిణాదిన అత్యధిక ఆదరణ పొందిన వంగడాలలో ఒకటైంది. కావ్యాలలో రాజుల కంచానికి పరిమితమైన సన్నన్నం గుంటూరు నేల మీది ఒక వంగడం ద్వారా సామాన్యుని ఇంటికి చేరడం ఈ చరిత్రలోని అత్యంత అర్థవంతమైన మలుపు.

8. వర్తమానం

నేటి సమస్య బెరిబెరి కాదు. ఆహార వైవిధ్యం కొంత పెరిగి ఆ వ్యాధి వెనుకంజ వేసింది. దాని స్థానంలో మధుమేహం వచ్చింది. 2023లో ప్రచురితమైన ఐసీఎంఆర్–ఇండియాబ్ అధ్యయనం దేశంలో సుమారు 10.1 కోట్ల మంది మధుమేహంతో ఉన్నారని అంచనా వేసింది. జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాలు మొత్తం శక్తిలో ధాన్యాల వాటా 45 శాతం మించకూడదని సూచించాయి. వాస్తవంలో ఆ వాటా చాలా ఇళ్ళలో 50 నుంచి 70 శాతం దాకా ఉంటోంది.

ఇక్కడ మళ్ళీ గింజ నిర్మాణమే ప్రధానం. అదే సంస్థ 2017లో వెలువరించిన ఆహార విశ్లేషణ పట్టికల ప్రకారం 100 గ్రాముల మరబియ్యంలో పిండిపదార్థం సుమారు 78 గ్రాములు, పీచు సుమారు 2.8 గ్రాములు. జొన్నలో పిండిపదార్థం సుమారు 68 గ్రాములు, పీచు సుమారు 10 గ్రాములు. థయమిన్ మరబియ్యంలో 0.05 మిల్లీగ్రాములు, జొన్నలో 0.35 మిల్లీగ్రాములు. పీచు తగ్గినకొద్దీ పిండి త్వరగా జీర్ణమై రక్తంలో గ్లూకోజు వేగంగా పెరుగుతుంది. ఈ వేగాన్ని కొలవడానికి టొరంటోలో డేవిడ్ జెంకిన్స్ బృందం 1981లో గ్లైసీమిక్ సూచిక అనే భావనను ప్రతిపాదించింది. హైదరాబాదు పరిశోధనా సంస్థలు సాంబ మసూరికి ఎండాకు తెగులును తట్టుకునే గుణాన్ని చేర్చి 2008లో విడుదల చేసిన మెరుగైన రకానికి ఈ సూచిక సుమారు 51గా నమోదైంది. వరి అంతా ఒకటే కాదని, ఏ వంగడం, ఎంత పాలిష్ అన్నవి కూడా లెక్కలోకి వస్తాయని ఇది తెలియజేస్తుంది.

మరొక వైచిత్రి ఉంది. తీర గుంటూరు మాగాణులలో వరి కోసిన తరువాత, దుక్కి లేకుండా జొన్న, మొక్కజొన్న వేయడం ఇటీవలి దశాబ్దాలలో విస్తరించింది. దిగుబడి మెండు. అయితే ఆ పంట ప్రధానంగా మార్కెట్టుకు, అక్కడినుంచి దాణాకు వెళ్తుంది. ఒకనాడు వరి కడుగునీళ్ళు గొడ్డుకు పోయాయి. నేడు జొన్న గింజే కోడికి పోతోంది. ఆరోగ్యం కోసం జొన్నరొట్టె వెదికే పట్టణ కుటుంబం దానిని బియ్యం కంటే ఎక్కువ వెలకు కొంటోంది. చౌకధర దుకాణంపై ఆధారపడిన కూలికి ఆ ఎంపిక సులభం కాదు. పేదవాని గింజ ధనికుని పథ్యమైంది.

9. ముగింపు

పై పరిశీలన నుంచి మూడు అంశాలు తేలుతున్నాయి. గుంటూరు మైదానంలో పిండిపదార్థపు మూలం మారడానికి ఆనకట్ట, సాగరు కాలువ, చౌకబియ్యం వంటి సామూహిక నిర్ణయాలు ప్రధాన కారణాలు. వ్యక్తుల అభిరుచి వాటి వెంట నడిచింది. రెండవది, 1877 నాటి కార్నిష్ వాదన నుంచి బెరిబెరి, పెలాగ్రా, మధుమేహం దాకా పునరావృతమైన పాఠం ఒకటే: తోడులేని పిండి శరీరాన్ని నిలపలేదు. మూడవది, జొన్న లేమికి, తెల్లన్నం కలిమికి సంకేతాలుగా సాహిత్యం నిలిపిన విలువలు ఆహారపుటెంపికలో నేటికీ పనిచేస్తున్నాయి. పోషకాహార బోధన ఈ విలువలను గుర్తించకుండా కేవలం గ్రాముల లెక్క చెబితే జనానికి చేరదు.

కాబట్టి తిండి మార్చుకోమని వ్యక్తికి ఉపదేశించడం కంటే, కూలి కుటుంబం చేతిసంచిలోకి బియ్యంతోపాటు జొన్న, కంది కూడా అదే చౌకధరకు చేరేలా చూడటం ఈ చరిత్ర సూచించే మార్గం. ధాన్యకటకం పేరులోని ‘ధాన్యం’ అనే మాట ఏ ఒక్క గింజకూ పరిమితం కాదు. వరి, జొన్న, కొర్ర, వరిగ అన్నీ ధాన్యాలే. ఆ పూర్తి అర్థం కంచంలోకి తిరిగి వచ్చినప్పుడే ఈ మైదానపు ఆహారచరిత్ర ఒక సమతుల స్థితికి చేరుతుంది.